రౌండు టేబిలు సమావేశములు - అభిప్రాయభేదము
(కోనసీమ నిదర్శనములతో ఒక విచారణ)

అమలాపురమునకు దక్షిణముగా, అల్లవరము మండలములో, గోదావరి పాయయగు వైనతేయ సముద్రముతో కలియుచోట ఓడలరేవు అను గ్రామము కలదు. పేరునుబట్టియే ఇది ఓడలు నిలిచిన తావని తెలియుచున్నది. నేడచట ఓడలకు మాఱుగా, సముద్రగర్భమునుండి గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువును స్వీకరించు ఓ.ఎన్.జి.సి. వారి టెర్మినల్ కలదు. వేటకు పోవు మత్స్యకారుడు, కొబ్బరితోట గల రైతు, టెర్మినల్‌లో పని కోరు చదువుకొన్న యువకుడు - ఈ మువ్వురును ఒకే ఊరివారు. కాని సముద్రమును గూర్చియు, భూమిని గూర్చియు మువ్వురి మేలును ఒక్కటి కాదు. ఒకరికి లాభమైనది వేఱొకరికి నష్టము కావచ్చును. కావున మువ్వురికిని భిన్నాభిప్రాయములు ఉండుట సహజము.

ఇట్టి ప్రాంతముల మేలును గూర్చి అమలాపురములోనో, రాజమహేంద్రవరములోనో, అంతకంటె దూరమున విజయవాడలోనో, హైదరాబాదులోనో ఆచార్యులు, న్యాయవాదులు, విశ్రాంత అధికారులు, పత్రికా సంపాదకులు, సంఘనాయకులు కూడి చర్చించుట మన దేశములో పరిపాటియైనది. దీనినే రౌండు టేబిలు సమావేశమందురు. ఇట్టి సమావేశములలో నిజమైన రాజకీయాభిప్రాయభేదము వెల్లడియగుచున్నదా, లేక ముందే కుదిరిన అంగీకారము చర్చారూపమున ప్రకటింపబడుచున్నదా? ఈ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. పేరు, దాని వెనుకటి చరిత్ర

బల్ల గుండ్రముగా నుండవలయుననుటలో ఒక భావము కలదు. గుండ్రని బల్లకు శిరఃస్థానము లేదు. కూర్చున్నవారిలో హెచ్చుతగ్గులు లేవు. ఆర్థరు రాజు కథలనుండి వచ్చిన ఈ భావమును ఆంగ్లేయులు రాజకీయములకు అన్వయించిరి. భారతరాజ్యాంగ సంస్కరణములను గూర్చి 1930 నవంబరు నుండి 1932 డిసెంబరు వఱకు లండనులో మూడు విడతలుగా జరిగిన సమావేశములతో ఈ పేరు మన ప్రజలకు పరిచితమైనది.

ఆ సమావేశములలో అధ్యక్షపీఠము ఎవరిదో, ఆహ్వానించు అధికారమెవరిదో అందఱకును తెలియును; ఆహ్వానితులను ఎన్నుకొన్నది ప్రభుత్వమే. కావున బల్ల గుండ్రమైనను అధికారము గుండ్రము కాదు. అయినను అచట ఒక నిజమైన భేదము బయటపడినది. మొదటి విడతకు కాంగ్రెసు పోలేదు. రెండవ విడతకు కాంగ్రెసు ఏకైక ప్రతినిధిగా గాంధీమహాత్ముడు వెళ్ళెను. అస్పృశ్యుల పక్షమున డాక్టరు అంబేడ్కరును, రెట్టమలై శ్రీనివాసనును మొదటినుండియు పాల్గొనిరి. అస్పృశ్యుల తరఫున మాటలాడు హక్కు ఎవరిది, వారికి ప్రత్యేక నియోజకవర్గములు ఉండవలయునా వలదా అను విషయమున గాంధీకిని అంబేడ్కరునకును ఏకీభావము కుదరలేదు. ఆ విషయము కప్పివేయబడలేదు, కార్యక్రమపత్రములకు ఎక్కినది. సమావేశమున తీరని సమస్య 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని తీర్పునకును, సెప్టెంబరు 20న ఎరవాడ చెఱసాలలో గాంధీ ఆరంభించిన నిరాహారదీక్షకును, సెప్టెంబరు 24న పూనా ఒడంబడికకును దారితీసెను. ప్రత్యేక నియోజకవర్గములకు బదులు, ఉమ్మడి నియోజకవర్గములలో 148 స్థానములు రాష్ట్ర శాసనసభలయందు ప్రత్యేకింపబడెను.

ఆ ఒడంబడికను ఎవరెట్లు తూచినను, మనకు కావలసిన పాఠమొకటి కలదు. ఆ సమావేశము ఏకగ్రీవము కాలేదు కనుకనే దానికి చారిత్రకమైన విలువ వచ్చినది. ఎవరి బ్రతుకును గూర్చి చర్చయో వారి ప్రతినిధి అచట కూర్చుండెను. ఆయన అనంగీకారము లిఖితమయ్యెను. తరువాతి నిర్ణయమును అది మార్చెను. ఈ మూడింటిని గుర్తుంచుకొని ముందునకు పోవుదము.

2. శాస్త్రకారుల విభాగము

అభిప్రాయభేదమును విచారించుటకు మనకు పరదేశపు కొలమానమే అక్కఱలేదు. గౌతముని న్యాయసూత్రములు వాదము, జల్పము, వితండ అని చర్చను మూడు విధములుగా విభజించినవి. తత్త్వమును తెలిసికొనగోరి, ప్రమాణములతోను తర్కముతోను పక్షప్రతిపక్షములను పరిశీలించుట వాదము. గెలుపే ప్రయోజనముగా, ఛలము మొదలైన ఉపాయములనుగూడ వాడి పోరాడుట జల్పము. తనకంటూ ఒక పక్షమును స్థాపింపక ఎదుటివాని పక్షమును ఖండించుటతోనే తృప్తిపడుట వితండ. చరకసంహితలో వైద్యుల చర్చను గూర్చియు ఇట్టి విభాగమే కలదు: స్నేహభావముతో జరుపునది సంధాయ సంభాష, పోటీతో జరుపునది విగృహ్య సంభాష.

ఈ విభాగములన్నింటిలోను సామాన్యమైన విషయము ఒకటి గలదు. ఏ రకపు చర్చకైనను ఎదుట ఇంకొక పక్షము ఉండితీరవలయును. వితండకుసైతము ఖండించుటకొక పక్షము కావలయును. అంతేకాదు, శాస్త్రగ్రంథములలో సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము వచ్చును. తాను ఖండింపబోవు మతమును, దానిని నమ్మినవాడు సరియే అని తలయూపునంత బాగుగా చెప్పినపిదపనే దానికి సమాధానము చెప్పుట పండితధర్మము.

నేటి సమావేశములలో పెక్కింటికి ఈ మూడు పేర్లలో నేదియు సరిపడదు. అచట వక్తలు అనేకులు, పక్షమొక్కటి. ఒకే మాటను పదిమంది పది విధములుగా చెప్పుట వాదము కాదు, జల్పమును కాదు. అది సమ్మతి ప్రదర్శనము. సమ్మతి ప్రదర్శనము తప్పని చెప్పుట లేదు. దానిని చర్చయని పిలుచుటలోనే చిక్కు కలదు.

3. భాషావివాదమునుండి ఒక నిదర్శనము

తెలుగుశాఖలవారికి మిక్కిలి దగ్గఱి నిదర్శనము భాషావివాదమే. ఇంటర్మీడియేటు తరగతుల వ్యాసరచనలో ఏ భాషను అనుమతింపవలయునను ప్రశ్న మద్రాసు విశ్వవిద్యాలయము ముందునకు వచ్చినపుడు పండితలోకము రెండుగా చీలెను. కోనసీమకు చెందిన ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునకు నాయకులైరి. 1911లో మద్రాసున ఆంధ్రసాహిత్య పరిషత్తు వెలసెను. గిడుగు రామమూర్తి పంతులుగారును గురజాడ అప్పారావుగారును వ్యావహారికపక్షము వహించిరి. వ్యాసరచనను గూర్చి నియమింపబడిన ఉపసంఘములో అప్పారావుగారు సభ్యులు. అధికసంఖ్యాకుల నివేదికతో ఏకీభవింపక, వారు 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రమును సమర్పించిరి.

ఆ వాదములో ఎవరిది న్యాయమన్నది ఇచట విచార్యము కాదు. ఆ ఉపసంఘపు పద్ధతియే మనకు ముఖ్యము. అభిప్రాయభేదము గల ఇరువాగువారును అందు చేరిరి. ఓడిన పక్షమునకు తన కారణములను అధికారపత్రములో వ్రాసి ఉంచుటకు అవకాశము దొరికెను. నాడు అల్పసంఖ్యాకమైన ఆ మతము వ్రాతరూపమున నిలిచినందువలననే తరువాతి తరములు దానిని మఱల తెఱచి చూడగలిగినవి. ఏకగ్రీవ తీర్మానముతో ఆ సభ ముగిసియున్నచో ఆ యోజన ఎవరికిని దొరకకపోయెడిది. అసమ్మతి పత్రమనగా ఓడినవాని ఓదార్పు కాదు. భావికాలమునకు ఉంచిన పూర్వపక్షము.

4. నేటి సమావేశముల తీరు

నేటి రౌండు టేబిలు సమావేశమును చూచినవారెల్ల దాని క్రమమును ఎఱుగుదురు. వెనుక గోడకు ఒక బ్యానరు. దానిపై సమావేశపు విషయము కాక, దాని నిర్ణయమే ముద్రితమై యుండును. నిర్వాహకుడు ప్రాస్తావికము చెప్పును. ఒక్కొక్కరికి అయిదారు నిమిషముల వ్యవధి. ఒకరి మాటకు ఒకరు బదులు చెప్పుట అరుదు. పలువురు తమ ప్రసంగము ముగియగనే వేఱొక కార్యక్రమమునకు వెళ్ళుదురు. చివర తీర్మానములు చదువబడును, చప్పట్లతో ఆమోదింపబడును. కలెక్టరుకు వినతిపత్రము, పత్రికలకు ప్రకటన, దానితో కార్యము సమాప్తము. బల్లలుగూడ తఱచు గుండ్రముగా నుండవు. వేదికయు, ఎదుట కుర్చీలునే యుండును.

ఇందువలన కలుగు ప్రమాదమునకు 2009 నాటి అనుభవము పెద్ద సాక్ష్యము. అది మేధావుల సమావేశము కాదు, పక్షముల సమావేశము, అయినను రూపమొక్కటే. ఆ సంవత్సరము డిసెంబరు 7న నాటి ముఖ్యమంత్రి రోశయ్యగారు తెలంగాణ విషయమై హైదరాబాదులో అఖిలపక్ష సమావేశము జరిపిరి. పెక్కు ప్రధానపక్షములు ప్రత్యేకరాష్ట్ర తీర్మానమునకు అచట అడ్డుచెప్పలేదు. 9వ తేదీ రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరముగారు రాష్ట్ర నిర్మాణప్రక్రియ ఆరంభింపబడునని ప్రకటించిరి. వెంటనే కోస్తా, రాయలసీమ శాసనసభ్యులు గుంపుగా రాజీనామాలు సమర్పించిరి. సమావేశములో సమ్మతించిన పక్షములే ప్రాంతములవారీగా చీలిపోయినవి. డిసెంబరు 23న హోంమంత్రియే పరిస్థితి మాఱినదనియు, పక్షములు విభక్తమైనవనియు ప్రకటింపవలసివచ్చెను.

రెండు వారములలో అభిప్రాయభేదము క్రొత్తగా పుట్టలేదు. అది డిసెంబరు 7నాడును ఉండెను. ఆ బల్లవద్ద దానిని పలుకుట ఎవరికిని లాభము కాలేదు; అంతియే. తరువాత 2010 ఫిబ్రవరిలో ఏర్పడిన జస్టిసు శ్రీకృష్ణ సంఘము, డిసెంబరు 30న సమర్పించిన నివేదికలో ఆఱు మార్గములను ప్రతిపాదించి, ఒక్కొక్కదాని మంచిచెడ్డలను తెలిపెను. ఆ నివేదిక ఎవరినిగాని పూర్తిగా తృప్తిపఱుపలేదు. కాని భేదము కలదని ఒప్పుకొని దానిని పుటలమీద పఱచినది. ఏకగ్రీవమైన ఒక సాయంకాలము కంటె తృప్తికలిగింపని ఒక నివేదిక సత్యమునకు దగ్గఱ.

5. కోనసీమలో రెండు సందర్భములు

ఇక కోనసీమకు వత్తము. 2011 ఖరీఫులో ఈ ప్రాంతపు రైతులు వరి నాటుట మానివేసి పంటవిరామము ప్రకటించిరి. అన్నపూర్ణయని పేరొందిన డెల్టాలో, నీరుండియు పొలములు బీడుపడుట దేశమునంతటిని ఆశ్చర్యపఱచినది. పెట్టుబడికి గిట్టని ధర, కూలీల కొఱత, పూడిపోయిన మురుగుకాలువలవలన ముంపు, ధాన్యము నిలువచేయు వసతి లేమి - ఇవి రైతులు చెప్పిన కారణములు. ప్రభుత్వము మోహన్ కందాగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఈ విషయమున రైతుల పక్షమున ఏకకంఠముగ పలుకుట సహజమును, అవసరమును.

కాని "రైతు" అను ఒక్క మాటక్రింద ఎందఱున్నారో చూడుడు. భూమి గల ఆసామి, మక్తా చెల్లించి సాగుచేయు కౌలుదారు, దినకూలిమీద బ్రతుకు పాలేరు. ఒక పంట విడిచినచో ఆసామికి ఆ యేటి నష్టము తప్పును. కౌలుదారునకు భూమియే చేజాఱవచ్చును. కూలివానికి నాట్లు, కోతలు రెండును పోవును. అదే 2011లో కౌలుదారులకు రుణార్హత పత్రములిచ్చుటకు అధీకృత సాగుదారుల చట్టము చేయవలసివచ్చుటయే, సాగుచేయువాడును భూమి గలవాడును వేఱని ప్రభుత్వము గుర్తించినదనుటకు నిదర్శనము. పంటవిరామమును సమర్థించు సమావేశమున కూలివాడు లేచి, "విరామము మీకు, పస్తు మాకు" అని అన్నచో అది సమావేశమునకు విఘ్నము కాదు. అపుడే ఆ సమావేశము చర్చయగును. దానికి ఆసామి చెప్పు సమాధానము, అనగా ధర గిట్టనిచో కూలియు గిట్టదనుట, అపుడు వాదముగ రాణించును.

రెండవ సందర్భము బాధాకరమైనది. 2022 ఏప్రిలు 4న అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా ఏర్పడెను. మే నెలలో ఆ జిల్లాకు డాక్టరు బి.ఆర్. అంబేడ్కరు పేరు చేర్చుచు ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన వెలువరించి, ఆక్షేపణలు తెలుపుటకు ముప్పది దినముల గడువిచ్చెను. ప్రధాన రాజకీయపక్షములేవియు బహిరంగముగా ఆ పేరును ఎదిరింపలేదు. బల్లలచుట్టును సమ్మతియే కనబడెను. మే 24న అమలాపురములో ఆ పేరునకు వ్యతిరేకముగా జరిగిన ఊరేగింపు హింసగా మాఱి, మంత్రి విశ్వరూప్ గారి ఇల్లును, శాసనసభ్యులు పొన్నాడ సతీశ్ గారి ఇల్లును దగ్ధమయ్యెను. తరువాత ప్రభుత్వము ఆ పేరునే స్థిరపఱచినది.

నిప్పు ఏ వాదమునకును ప్రమాణము కాదు. కులభేదమునుండి పుట్టిన వైముఖ్యము వాదమను పేరున గౌరవము పొందదగదు. అయినను విచారకుడు ఒక ప్రశ్న వేయక తప్పదు. ఆ వైముఖ్యము సభలో నోరు విప్పి కారణములు చెప్పవలసివచ్చియున్నచో ఏమి జరిగెడిది? కారణము చెప్పవలసినవానికి కారణము లేదని తెలియుటయు ఒక ఫలమే. ఎదుటివారికి, ముఖ్యముగా ఆ పేరును తమ ఆత్మగౌరవముగా ఎంచు దళితులకు, సమాధానము చెప్పు అవకాశము దొరికెడిది. పైకి కానరాని అనంగీకారము లేనిదని అనుకొనుట ఎంత పొరపాటో ఆనాడు తెలిసినది. లండను సమావేశములో తన అనంగీకారమును మాటగా, వ్రాతగా, న్యాయముగా నిలిపిన పురుషుని పేరే ఈ జిల్లాకు ఉండుట స్మరింపదగినది.

6. ఓడలరేవు చెప్పు పాఠము

ఓడలరేవు వంటి గ్రామములకు ఈ విచారణ పాండిత్యవినోదము కాదు. 1995 జనవరిలో కోనసీమయందలి పాశర్లపూడి బావిలో వాయువు ఎగజిమ్మి అంటుకొనగా, ఆ మంట రెండు నెలలకు పైగా ఆఱలేదు. 2014 జూను 27న మామిడికుదురు మండలము నగరములో గెయిల్ వారి గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇట్టి అనుభవము గల నేలమీద, వాయువును గూర్చిన మాట ప్రాణములను గూర్చిన మాటయే. అట్లని వాయువు వలదనువారు మాత్రమే అచట లేరు. పని కావలెననువారు, పరిహారము పెంచుడనువారు, గొట్టములను పరీక్షింపుడనువారు, వేటకు అడ్డులేనిచో ఉండనిండనువారు - ఇన్ని తెఱగుల భేదము కలదు.

ఈ భేదమును వినుటకు చట్టము ఒక పద్ధతిని ఏర్పఱచినది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ననుసరించి, ప్రజాభిప్రాయ సేకరణ పరిశ్రమ వెలయు చోటనో దాని సమీపముననో జరుగవలయును. ముప్పది దినముల ముందు నోటీసు ఈయవలయును. జిల్లా కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటునకు తక్కువకాని ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహింపవలయును. సంఖ్యానియమము లేదు, ఒక్కడు వచ్చినను వినవలయును. వెలిబుచ్చిన అభిప్రాయములన్నియు వ్రాసికొని, సభాంతమున స్థానికభాషలో చదివి వినిపింపవలయును. దృశ్యముద్రణము చేయింపవలయును. లేవనెత్తిన విషయములకు పరిశ్రమవారి సమాధానములను చేర్చవలయును.

దీనిని పైని చెప్పిన రౌండు టేబిలుతో పోల్చిచూడుడు. అచట రచ్చ ఉండును, కేకలు ఉండును, పోలీసు కాపు ఉండును, మన్నన తక్కువ. ఇచట మన్నన కలదు, మైకు కలదు, శాలువ కలదు. కాని పూర్వపక్షమునకు స్థానము అచటనే కలదు. చదువు లేని మత్స్యకారుడు చెప్పిన ఒక మాటకు సమాధానము వ్రాసియీయవలసిన బాధ్యత అచట ఉన్నది. ఆచార్యుడు చెప్పిన పది మాటలకు ఇచట ఆ బాధ్యత ఎవరికిని లేదు. చట్టము వ్రాసినదంతయు ఆచరణలో నిండుగ జరుగుచున్నదని చెప్పుట లేదు. వినుటయు లెక్కించుటయు ఒకటి కావు. పద్ధతిలోని న్యాయమును మాత్రమే చూపుచున్నాను.

ఈ అవకాశము విస్తరించుటకు బదులు కొంత కుంచించుకొనినది. 2020 జనవరి 16 నాటి సవరణచే చమురు, సహజవాయువుల అన్వేషణమును "బి-2" వర్గమునకు మార్చిరి. ఆ వర్గమునకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కఱలేదు. ఉత్పత్తి దశకు మాత్రమే ఆ నియమము నిలిచినది. అనగా తొలి మాట చెప్పవలసిన వేళ గ్రామమునకు మాట లేదు. ఇట్టి స్థితిలో గ్రామము తరఫున మాటలాడు మేధావుల సమావేశములకు బాధ్యత ఇంకను పెరుగుచున్నది. వారును ఒకే గొంతుతో పలికినచో భేదమునకు నిలుచుటకు చోటే యుండదు.

7. ప్రతిపక్షము, సమాధానము

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. "బలవంతుడగు ప్రభుత్వమును కదల్చుటకు బలహీనులు ఒక్కటిగా నిలువవలయును. సమావేశములో చీలిక చూపినచో దానిని సాకుగా చేసికొని ప్రభుత్వము ఏమియు చేయదు. కావున ఏకగ్రీవమే బలము." ఈ ఆక్షేపణ బలమైనదే. ఉద్యమమునకు ఐక్యత కావలయును. పంటవిరామము వంటి సందర్భమున రైతుల ఐక్యతయే ప్రభుత్వమును కదలించెను.

దీనికి సమాధానమిది. ఉద్యమసభ వేఱు, విచారణసభ వేఱు. ఉద్యమసభ తనను ఉద్యమసభయని చెప్పుకొన్నంతవఱకు దోషము లేదు. విచారణసభ పేరు పెట్టుకొని ఉద్యమసభ నడపుటచేత రెండును చెడును. ప్రభుత్వమునకు ఇది ముందే కట్టిన కూటమియని తెలియును కనుక ఒత్తిడి తగ్గును. ప్రజలకు ఎదుటి పక్షమేమో తెలియదు కనుక వివేకము పెరుగదు. మఱియు లోపలి భేదమును ఆలకించి, సమాధానపఱచి కూర్చిన ఐక్యత నిలుచును. వినకయే ప్రకటించిన ఐక్యత 2009 డిసెంబరులో వలె రెండు దినములలో విడిపోవును.

8. పరీక్షలు

పైని విచారించిన నిదర్శనములనుండి, ఒక సమావేశమున నిజమైన అభిప్రాయభేదము కలదో లేదో తెలిసికొనుటకు నాలుగు పరీక్షలు తేలుచున్నవి. ఎవరి జీవనమును గూర్చి చర్చయో వారు వక్తలుగా ఉన్నారా, శ్రోతలుగా మాత్రమే ఉన్నారా? తీర్మానము సభకు ముందే వ్రాయబడినదా, తరువాత వ్రాయబడినదా? ఒకరు చెప్పినదానికి వేఱొకరు పేరుపెట్టి బదులు చెప్పిరా? ఏకీభవింపనివాని కారణములు తీర్మానముతోపాటు పత్రమునకు ఎక్కినవా?

ఈ నాలుగింటిలో మొదటిదియు చివరిదియు ముఖ్యములు. అవి లేనిచో తక్కిన రెండును అలంకారములు. మన పరిశోధక విద్యార్థులు పత్రికలలోని సమావేశ వార్తలను, తీర్మానపత్రములను, ప్రజాభిప్రాయ సేకరణ నివేదికలను సేకరించి ఈ పరీక్షలతో పరిశీలించినచో ఇరువదియొకటవ శతాబ్దపు తెలుగుదేశపు చర్చాసంప్రదాయమును గూర్చి ప్రామాణికమైన గ్రంథము వెలువడగలదు. ప్రజాభిప్రాయ సేకరణ నివేదికలు స్థానికభాషలోను సిద్ధపఱచబడుచున్నందున అవి భాషాశాస్త్రమునకును నిధులు. అధికారి ప్రశ్నయు, జాలరి జవాబును ఒకే పుటమీద దొరకు తావులు మనకు ఎన్నో లేవు.

ఓడలరేవు వంటి గ్రామమును గూర్చి నగరమందు సభ జరిగినపుడు, ఆ ఊరినుండి వచ్చిన ఒక్కడు లేచి "నాకిది సమ్మతము కాదు" అనుటకు సందు ఉన్నదా, అతని కారణము తీర్మానము క్రింద ఒక పంక్తిగానైన నిలిచినదా అని మొట్టమొదట చూడవలయును. ఆ పంక్తి ఉన్ననాడు బల్ల ఏ ఆకారముననున్నను బాధ లేదు.